ఆవకాయ మీద పడ్డ నింద

2001 మార్చిలో మా నాన్న పోయారు. ఆయనకు 41 ఏళ్లు, నాకు పదిహేను. తెనాలి దగ్గర మా ఊళ్లో పెదకర్మ రోజున ఒక పెద్దావిడ అమ్మకు వినపడేలాగే అంది: "పూటపూటా ఆ ఎర్ర పచ్చళ్లు వేసి పెడితే కడుపు పుండు పడదా మరి?" ఆ వేసవిలో అమ్మ ఆవకాయ పెట్టలేదు. తర్వాత ఇరవై ఏళ్లూ పెట్టలేదు.

ఎనిమిదేళ్లకు బాబాయి కూడా కడుపు క్యాన్సర్‌తోనే పోయాడు. ఆయన తాగేవాడు కాబట్టి ఎవరూ వేరే కారణం వెతకలేదు. మేనత్తకు రొమ్ములో క్యాన్సర్ వస్తే, అది ఆడవాళ్ల జబ్బు, దీనికీ దానికీ సంబంధమేముంది అనుకున్నాం. ఒక తల్లి పిల్లలు ముగ్గురికీ యాభై నిండకుండానే వచ్చినా మేం మూడు వేర్వేరు కథలు చెప్పుకుంటూ కూర్చున్నాం.

2021 జూన్‌లో బాబాయి కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. వాడు నాకంటే ఏడాది చిన్న. "అక్కా, నాకూ వచ్చింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టర్ అడిగితే వరసగా చెప్పాను. ఆవిడ కాగితం మీద మన వంశవృక్షం గీసింది. నువ్వు ముందు రక్తపరీక్ష చేయించుకో." వాడి రక్తంలో సీడీహెచ్1 అనే జన్యువులో తేడా దొరికిందట.

హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర మొదటిసారి కూర్చున్నప్పుడు నేను అడిగింది ఒకటే: "మా అమ్మానాన్నలది మేనరికమండీ, దానివల్లేనా?" ఆవిడ కాదంది. తలసీమియా లాంటి వాటికి తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ పాడైన జన్యువు రావాలి. దీనికి ఒక్కరి నుంచి వస్తే చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. ఈ జన్యువు ఈ-క్యాడెరిన్ అనే ప్రోటీన్‌ను తయారు చేస్తుంది. ఇటుకల మధ్య సిమెంటులా కణాలను అంటిపెట్టి ఉంచేది అదే. రెండో వాళ్ల నుంచి వచ్చిన మంచి కాపీ కూడా ఏదైనా కణంలో తర్వాత పాడైతే, ఆ కణం పక్కవాటి నుంచి విడిపోయి పొట్ట గోడలోకి జారిపోతుంది. గడ్డ కట్టదు. అందుకే ఎండోస్కోపీలో అంతా బాగానే కనిపిస్తుంది. నాన్నకు రెండుసార్లు చేసి, అల్సర్ అని గ్యాస్ మాత్రలు ఇచ్చి పంపింది ఇందుకేనని అప్పుడు అర్థమైంది. కోపం వచ్చింది కానీ ఎవరి మీద పడాలో తెలియలేదు. ఈ జన్యువుకూ ఈ జబ్బుకూ సంబంధం బయటపడిందే 1998లో. న్యూజిలాండ్‌లో ఒక మావోరి కుటుంబం, ఇంటిల్లిపాదీ ఇలా పోతున్నారని, తామే పరిశోధకులను కలుపుకొని వెతికిస్తే తేలిందట. అంతకుముందు వాళ్లలోనూ శాపమని అనుకున్నవాళ్లున్నారట. మా ఇంట్లో రెండుసార్లు వాస్తు మార్చారు.

నాకు పాజిటివ్. అమ్మకు లేదు. మేనత్తకు ఉంది. ఈ జన్యువులో తేడా ఉన్న ఆడవాళ్లకు రొమ్ములో, పాలగ్రంథుల్లో పుట్టే లోబ్యులార్ రకం క్యాన్సర్ కూడా వచ్చే ప్రమాదం ఎక్కువని, ఏటా ఎంఆర్ఐ చేయించుకోవాలని నాకు చెప్పినప్పుడు, మేనత్త కథ కూడా మిగతా రెండిటితో కలిసిపోయింది.

ఇక అంకెల గొడవ. ఈ తేడా ఉన్నవాళ్లలో, 80 ఏళ్లలోపు మగవాళ్లలో నూటికి 70 మందికి, ఆడవాళ్లలో 56 మందికి కడుపు క్యాన్సర్ వస్తుందని పాత లెక్క. అది జబ్బు బాగా ఉన్న కుటుంబాలను మాత్రమే చూసి వేసిన లెక్క కాబట్టి తర్వాత అంచనాలు చాలా తగ్గాయి. కానీ మా కుటుంబం సరిగ్గా ఆ పాత లెక్కలోదే కదా! ఎండోస్కోపీ చేసి ముప్పై చోట్ల ముక్కలు తీశారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. "ఇంకా ఆపరేషన్ ఎందుకు?" అన్నారు మావారు. నేనూ ఆగుదామనే అనుకున్నాను. జనవరిలో డాలస్‌లో తమ్ముడు పోయాడు. మార్చిలో నా పొట్ట మొత్తం తీసేసి, అన్నవాహికను చిన్నపేగుకు కలిపి కుట్టారు.

తీసిన పొట్టను పూర్తిగా పరీక్షిస్తే ఆరు చోట్ల ఉంగరం ఆకారపు క్యాన్సర్ కణాలు బయటపడ్డాయి. లోపలి పొర దాటలేదు, కీమో అక్కర్లేదన్నారు. "జబ్బు లేకుండా ఆపరేషన్ ఏమిటి" అని ఇన్సూరెన్స్ వాళ్లు రాసిన ఉత్తరానికి ఆ రిపోర్టే జతచేసి పంపాను.

పొట్ట లేకపోతే అన్నం ఎక్కడికి పోతుందని అందరూ అడుగుతారు. నేరుగా పేగులోకే పోతుంది, చిక్కంతా అక్కడే. మూడో నెలలో ఒక పెళ్లిలో మొహమాటానికి రెండు గరిటెల పరమాన్నం తిన్నాను. పావుగంటలో ఒళ్లంతా చెమట, గుండె దడ. పెళ్లికూతురి గదిలో చీరల మూటల మీద పడుకున్నాను. దీన్ని డంపింగ్ అంటారు. అప్పటి నుంచి ఎవరైనా గరిటె పట్టుకుని "ఇంకాస్త, ఇంకాస్త" అంటూ వస్తే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టేస్తున్నాను. రోజుకు ఏడుసార్లు చిన్న గిన్నెడు తినాలి, నీళ్లు తిండితో కాకుండా విడిగా తాగాలి. ఆకలి వేయదు. ఆకలి పుట్టించే హార్మోన్ ఎక్కువగా పొట్టలోనే పుడుతుందట. ఫోన్‌లో అలారం మోగితే తింటాను. స్కూల్లో పిల్లలు "టీచర్, మీ గంట కొట్టింది" అంటారు. బి12ను ఒంటికి పట్టించేదీ పొట్టే కాబట్టి ఇంజెక్షన్ జీవితాంతం తప్పదు. 64 కిలోల దాన్ని 51 దగ్గర ఆగాను. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. రాత్రిళ్లు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకోకపోతే పసరు గొంతులోకి ఎగదన్నుతుంది.

నాకు పరీక్ష ఫలితం వచ్చిన రోజే అమ్మకు చెప్పాను, పచ్చళ్ల వల్ల కాదని. నమ్మలేదు. డాక్టర్ చేతే చెప్పించాను. ఉప్పు ఎక్కువున్న నిలవ తిండికీ మరో రకం కడుపు క్యాన్సర్‌కూ సంబంధం ఉందనీ, నాన్నది ఆ రకం కాదనీ ఆయన దాచకుండా చెప్పాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. ఆటోలో ఇంటికొస్తూ మాత్రం, "మీ నాన్న ఆఖర్న ఆవకాయ అడిగితే నేను పెట్టలేదే" అంది.

మా పాపకు పదమూడేళ్లు. దాని పరీక్ష పద్దెనిమిది నిండాక, అదీ అది సరేనంటేనే.

నా ఆపరేషన్ అయిన రెండు నెలలకు అమ్మ పాతిక కాయలు కొట్టించి ఆవకాయ పెట్టింది. నేను వేలితో తీసుకుని నాలుక మీద రాసుకున్నాను, అంతే. మొదటి సీసా మూత బిగించి, ఊరెళ్తున్న మా మావయ్య చేతికిచ్చింది. ఎవరికమ్మా అంటే, పెదకర్మ రోజున ఆ మాటన్న పెద్దావిడకట. ఆవిడకు ఎనభై దాటాయి. వారం తర్వాత ఆవిడే ఫోన్ చేసి, "ఉప్పు కాస్త తగ్గించాల్సింది" అందట.