నలభై దాటాక గేట్: ఇంటికి దూరంగా చదివినవారి మాట

ఎం.టెక్ ప్రవేశాలకు రాసే గేట్ పరీక్షకు వయోపరిమితి లేదు. ఆ ఒక్క వాక్యం చదివి ధైర్యం తెచ్చుకున్నవారిలో నేనూ ఒకదాన్ని. 2003లో సివిల్ ఇంజనీరింగ్‌లో బీటెక్ పూర్తిచేశాను. ఆ తర్వాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, రోడ్డు పనుల కన్సల్టెన్సీలో మట్టి పరీక్షలు, కొలతల పుస్తకాలు, బిల్లులు. నలభై మూడో ఏట గేట్ 2024 రాసి, చెన్నైలో జలవనరుల విభాగంలో ఎం.టెక్‌లో చేరాను. మావారు, పిల్లలు, అత్తయ్య బాపట్లలో ఉంటున్నారు. నాలాంటి పరిస్థితిలో పుస్తకం మళ్లీ తెరుస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. ఇరవై రెండేళ్లవారికి చెప్పేవారు చాలామంది ఉన్నారు.

ఇల్లు వదిలి ఎందుకు చదవాలని మొదట అందరూ అడిగారు. మా ఇంట్లో ఎవరూ నన్ను చదవవద్దనలేదు. కానీ పాలవాడు పిలిచినా, గ్యాస్ బండ వచ్చినా, పిల్లవాడికి బడి యూనిఫాం దొరకకపోయినా లేచేది నేనే. ఎవరూ లేవమనకపోయినా లేస్తాను. అలాంటి ఇంట్లో మూడు గంటల పరీక్షకు సాధన జరగదు. జీతం లేని సెలవు పెట్టి చెన్నై వేళచ్చేరిలో మహిళల హాస్టల్‌లో చేరాను. చెన్నైని ఎంచుకోవడానికి పెద్ద కారణం కోట్టూర్‌పురంలోని అణ్ణా శతజయంతి గ్రంథాలయం. 2010లో తెరిచిన తొమ్మిది అంతస్తుల భవనం అది. సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునేవారికి అక్కడ ప్రత్యేక విభాగం ఉంది. పోటీ పరీక్షల అభ్యర్థులతో ఎప్పుడూ నిండుగా ఉంటుంది. వేళచ్చేరిలో లోకల్ రైలు ఎక్కితే కోట్టూర్‌పురంలో దిగవచ్చు. కోచింగ్ కోసం ఊరు మారవలసిన కాలం ఇప్పుడు కాదు, మాదిరి పరీక్షలన్నీ ఆన్‌లైన్‌లోనే దొరుకుతున్నాయి. మనకు కావలసింది ఎవరూ పిలవని ఒక కుర్చీ, ఒక బల్ల.

ఇక అసలు విషయం. ఉద్యోగ అనుభవం ఉన్నవారికి ఈ పరీక్షలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. పాఠం తెరవగానే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. మెత్తని బంకమట్టి మీద రోడ్డు కట్ట పోసే ముందు నిలువు డ్రెయిన్లు ఎందుకు దింపుతారో నేను సైటులో కళ్లారా చూశాను. నీరు బయటపడే దారి పొడవు తగ్గితే మట్టి త్వరగా కుదురుకుంటుందని నాకు తెలుసు. కానీ పరీక్ష అడిగేది వేరు. కుదురుకోవడానికి పట్టే కాలం ఆ దారి పొడవు వర్గాన్ని బట్టి ఉంటుంది. పొరకు పైనా కిందా ఇసుక ఉంటే దారి సగమవుతుంది, కాలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ కాలాన్ని లెక్కగట్టడానికి వాడే టైమ్ ఫ్యాక్టర్ 50 శాతం కుదురుకోవడానికి 0.197, 90 శాతానికి 0.848. ఇవి నోటికి వచ్చి, ప్రమాణాలు మార్చుకుంటూ రెండు మూడు నిమిషాల్లో సంఖ్య తేల్చగలిగితేనే మార్కు. కాబట్టి చదివితే అర్థమైన పాఠాన్ని పూర్తయినట్టు లెక్క వేయకండి. పుస్తకం మూసి, తెల్లకాగితం మీద పాత ప్రశ్నలు చేసి, కొన్ని వారాల తర్వాత అవే లెక్కలు మళ్లీ చేయగలిగినప్పుడే దాని పక్కన టిక్కు పెట్టండి. పాత ప్రశ్నపత్రాలు గేట్ అధికారిక వెబ్‌సైట్‌లలో ఉచితంగా దొరుకుతాయి. నా దృష్టిలో వాటికి మించిన పాఠ్యపుస్తకం లేదు.

రెండో ప్రమాదం, మనం చదివిన సిలబస్సే పాతబడిపోవడం. సివిల్ వారికి దీనికి మంచి ఉదాహరణ ఉక్కు నిర్మాణాలు. మా తరం చదివింది ఉక్కు నిర్మాణాల భారతీయ ప్రమాణం ఐఎస్ 800 కోడ్‌లో 1984 నాటి ప్రతి. అందులో లాగుడు బలం మోసే భాగానికి ఉక్కు ఈల్డ్ స్ట్రెస్‌లో (శాశ్వతంగా సాగడం మొదలయ్యే ఒత్తిడిలో) 60 శాతం వరకు అనుమతి, అంతటితో లెక్క ముగిసేది. 2007లో వచ్చిన ప్రతి ప్రధానంగా లిమిట్ స్టేట్ పద్ధతికి మారింది. ఇప్పుడు పూర్తి అడ్డుకోత (క్రాస్ సెక్షన్) సాగిపోవడం, బోల్టు రంధ్రాల దగ్గర తెగిపోవడం, బ్లాక్ షియర్ (బోల్టుల దగ్గర ఒక ముక్క మొత్తం ఊడిరావడం) విడివిడిగా చూడాలి. మొదటిదానికి భద్రతా గుణకం 1.10, తెగిపోవడానికి 1.25. పాత జ్ఞాపకం ఇక్కడ అడ్డు వస్తుంది. నా సలహా, ఈ సబ్జెక్టును ఎన్నడూ చదవనట్టే మొదటి పేజీ నుంచి చదవండి. సర్వేయింగ్ కూడా అంతే. గొలుసు, థియోడొలైటుతో ఆగిన మన చదువు ఇప్పుడు టోటల్ స్టేషన్, జీపీఎస్, రిమోట్ సెన్సింగ్ దాకా వెళ్లాలి. మట్టి, ద్రవాల యాంత్రిక శాస్త్రం మాత్రం మారలేదు, అక్కడ మన అనుభవం నిజంగా అక్కరకు వస్తుంది.

మార్కుల సంగతి తెలిసినవారు ఈ పేరా దాటవేయవచ్చు. మూడు గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. సాధారణ సామర్థ్యానికి (జనరల్ ఆప్టిట్యూడ్) 15, మా పేపర్లో గణితానికి సుమారు 13. నాలుగింటిలో ఒకటి ఎంచుకునే ప్రశ్న తప్పయితే ఒక మార్కుకు మూడో వంతు, రెండు మార్కులకు మూడింట రెండు వంతులు కోత పడుతుంది. ఒకటికి మించి జవాబులు ఉండే ప్రశ్నలు 2021 నుంచి వచ్చాయి. వాటికీ, సంఖ్య నింపే ప్రశ్నలకూ రుణాత్మక మార్కులు లేవు, కాబట్టి వాటిలో ఏదీ ఖాళీగా వదలకండి.

గణితం, సామర్థ్యం కలిపితే దాదాపు 28 మార్కులు. వయసు పైబడినవారు ఎక్కువగా భయపడేది గణితానికే, ఎక్కువగా లాభపడగలిగేదీ అక్కడే. మాట్రిక్సులు, అవకలన సమీకరణాలు, సంభావ్యత, సంఖ్యాత్మక పద్ధతులు పరిమితమైన పాఠాలు, ప్రశ్నల తీరు పెద్దగా మారదు. మా అమ్మాయి అప్పుడు ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. రాత్రి ఫోనులో తను నాకు ఒక సమాకలనం ఇచ్చేది, నేను తనకు ఒకటి ఇచ్చేదాన్ని. మరునాడు ఇద్దరం జవాబులు సరిచూసుకునేవాళ్లం. "అమ్మా, నువ్వు చేసిన పద్ధతి మా సార్ చెప్పిందానికంటే చిన్నది" అని తను అన్న రోజు నాకు ఏ ర్యాంకూ ఇవ్వని సంతోషం కలిగింది. పిల్లలు ఆ వయసులో ఉంటే వారిని మీ చదువులోకి రానివ్వండి. "తిన్నావా, పడుకున్నావా" అనే ఫోనుకంటే ఆ ఫోను ఇద్దరినీ ఎక్కువ దగ్గర చేస్తుంది.

చిన్నవాడి సంగతి వేరు. నేను తరచుగా ఇంటికి వెళ్లివస్తుండేదాన్ని. పినాకిని ఎక్స్‌ప్రెస్ నేరుగా ఉంది కదా. ఒకసారి అత్తయ్య నన్ను కూర్చోబెట్టి చెప్పింది: "నువ్వు వచ్చినప్పుడు వాడు బాగానే ఉంటున్నాడమ్మా, వెళ్లిన మర్నాటి నుంచి రెండు రోజులు అన్నం సరిగా తినడం లేదు. తక్కువసార్లు రా, వచ్చినప్పుడు ఎక్కువ రోజులు ఉండు." ఆమె పెద్దగా చదువుకోలేదు, కానీ ఈ విషయంలో అంత కచ్చితమైన సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. అప్పటి నుంచి పండగలకు, వాడి పరీక్షలు ముగిసినప్పుడు మాత్రమే వెళ్లి, పుస్తకాలు చెన్నైలోనే వదిలి, వాడితోనే గడిపాను. చదువు కూడా ముక్కలు కాకుండా నిలిచింది. మావారు వంట నేర్చుకున్నారు, ఇప్పుడు ఆయన చేసే గోంగూర పప్పుకు ఇంట్లో గిరాకీ ఎక్కువ.

2023 డిసెంబరు గురించి చెప్పకుండా ఉండలేను. 3, 4 తేదీల్లో మిగ్‌జాం తుపాను చెన్నైని ముంచెత్తింది. వేళచ్చేరి పల్లమైన ప్రాంతం, కరెంటు పోయింది, ఫోను అందలేదు. అదే తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ముందు ఇంటివారు నా కోసం, తర్వాత నేను వారి కోసం అల్లాడిపోయాం. అప్పుడు చదువు సాగలేదు. అలాంటి రోజుల్లో చదవలేకపోయినందుకు ఎవరూ తమను తాము నిందించుకోకూడదు. నీరు తీశాక మాత్రం జలవనరుల పాఠాలు నాకు మరోలా కనిపించాయి. దక్షిణ చెన్నై వాననీటిలో చాలా భాగం పళ్లికరణై చిత్తడి నేలలోకి చేరి, ఒక్కియం మడువు అనే నీటి దారి మీదుగా బకింగ్‌హాం కాలువలో పడుతుంది. ఆ కాలువ మా వైపు పెదగంజాం దగ్గర మొదలయ్యేదే. చెన్నైలో నేను రోజూ ఎక్కే లోకల్ రైలు స్తంభాలు చాలాచోట్ల ఆ కాలువలోనే నిలిచి ఉన్నాయి. కాలువలో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టే మానింగ్ సూత్రం తెలిసినవారికి వెంటనే అర్థమవుతుంది: స్తంభాల వల్ల ప్రవాహపు అడ్డుకోత తగ్గుతుంది, నీరు ఒరుసుకునే చుట్టుకొలత పెరుగుతుంది, రెండూ కలిసి కాలువ మోయగల నీటిని తగ్గిస్తాయి. ఎం.టెక్‌లో ఏ విభాగం కోరుకోవాలో అప్పుడే నిశ్చయించుకున్నాను.

నలభై దాటినవారికి ఎవరూ చెప్పని మరో విషయం, కళ్లు. పరీక్ష మొత్తం కంప్యూటర్ తెర మీదే. క్యాలిక్యులేటర్ కూడా తెర మీదిదే, మనది తీసుకెళ్లనివ్వరు. చత్వారం వచ్చినవారు చదువుకునే దూరానికి ఇచ్చిన అద్దాలతో తెర చూస్తే కొంతసేపటికే తలనొప్పి వస్తుంది. పైనా కిందా రెండు రకాలున్న అద్దాలైతే మెడ ఎత్తుతూ ఉండాలి. కళ్ల డాక్టరుకు తెర ఎంత దూరంలో ఉంటుందో చెప్పి, ఆ దూరానికి విడిగా అద్దాలు రాయించుకోండి. మాదిరి పరీక్షలన్నీ ఆ అద్దాలతోనే, మౌసుతో తెర మీది క్యాలిక్యులేటర్ నొక్కుతూనే రాయండి.

ఫలితం వచ్చాక స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. కాబట్టి ఇంట్లో అదే ఏడాది కుదరకపోతే కంగారు అవసరం లేదు. ఐఐటీల ఎం.టెక్ సీట్లకు ఏ సంస్థకు ఆ సంస్థకు విడిగా దరఖాస్తు చేసి, సీట్ల అంగీకారానికి ఉమ్మడిగా ఉన్న కోప్ (COAP) పోర్టల్‌లో కూడా నమోదు చేసుకోవాలి. వచ్చిన సీటును అక్కడే అంగీకరించడమో, అట్టిపెట్టుకుని తర్వాతి విడత చూడటమో చేస్తాం. ఎన్‌ఐటీలకు సీసీఎంటీ (CCMT) అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ఉంది. గేట్ ద్వారా పూర్తికాల ఎం.టెక్‌లో చేరినవారికి ఏఐసీటీఈ ఉపకార వేతనం నెలకు 12,400 రూపాయలు. జీతం ఆగిపోయిన ఇంటికి అది చాలదు, రెండేళ్ల ఖర్చు ముందే కూడబెట్టుకోండి. ఇంజనీరింగ్ కళాశాలల్లో పాఠాలు చెబుతున్నవారు బోధకుల పై చదువుల కోసం ఉన్న క్యూఐపీ పథకం గురించి తప్పక కనుక్కోవాలి.

చివరగా సర్టిఫికెట్లు. మనలో చాలామంది దగ్గర ప్రొవిజినల్ మాత్రమే ఉంటుంది, అసలు డిగ్రీ తీసుకుని ఉండరు. జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురంగా విడిపోయింది. అంతకు ముందు చదివినవారి డిగ్రీ ఏ కార్యాలయం ఇస్తుందో ప్రవేశాల హడావిడి రాకముందే కనుక్కుని తెచ్చిపెట్టుకోండి. పెళ్లి తర్వాత ఇంటిపేరు మారిన మహిళలు ఆధార్‌లోనూ పదో తరగతి సర్టిఫికెట్‌లోనూ పేరు ఎలా ఉందో చూసుకుని, తేడా ఉంటే గేట్ దరఖాస్తు నింపేముందే సరిచేయించుకోండి.