గవ్వ మీద నేర్చుకున్న పంటి ఫొటో

విశాఖ ఎం.వి.పి. కాలనీలో నాకు చిన్న దంతవైద్యశాల ఉంది. ఆదివారం తెల్లవారుజామున మాత్రం చేపలరేవులోనో, భీమిలి ఒడ్డునో కెమెరాతో ఉంటాను. డాల్ఫిన్ నోస్ కొండ మీద తొలి ఎండ పడే క్షణం కోసం గంటసేపు నిలబడటం నాకు కష్టమనిపించదు. వెలుగు గురించి నాకు కొంత తెలుసనే నమ్మకం అలా ఏర్పడింది. నోరు తెరిచి కూర్చున్న మనిషి ముందు ఆ తెలివి అక్కరకు రాలేదు.

విశ్రాంత ఉపాధ్యాయురాలొకరికి పైవరుసలో ముందు పన్ను విరిగింది. పంటి రంగుల నమూనాలుండే షేడ్ గైడుతో పోల్చి రంగు ఎ2 అని రాసి, ఫోనుతో ఒక ఫొటో తీసి ల్యాబుకు పంపాను. క్యాపు ఆకారం చక్కగా వచ్చింది. కానీ ఆమె సొంత పంటి అంచున గాజులా కనిపించే సన్నని నీలిచాయ, మధ్యలో ఉన్న తెల్లని మచ్చ అందులో లేవు. ఆమె అద్దం కిందికి దించి, "బాగానే ఉందమ్మా, కానీ ఇది నా పన్ను కాదు" అన్నారు. టెక్నీషియన్ తప్పేమీ లేదు. నేను పంపిన ఫొటోలో ఫ్లాష్ మెరుపు సరిగ్గా ఆ మచ్చ మీదే పడింది. ఫోనును బాగా దగ్గరగా పెట్టి తీయడం వల్ల ముందు పళ్లు అసలు కంటే వెడల్పుగా కనిపించాయి. "టీచరు గారూ, నాకు నెల రోజులు గడువివ్వండి" అని అడిగి తాత్కాలిక క్యాపు పెట్టాను.

ఫొటోలంటే ఇష్టమున్న దంతవైద్యులు ఏం కొనాలని అడిగితే నేను మొదట చెప్పేది చిన్న వస్తువులను దగ్గర నుంచి పెద్దగా తీసే 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు. కెమెరా పాతదైనా ఫరవాలేదు, లెన్సు దగ్గర రాజీ పడవద్దు. పంటిని కెమెరా లోపలి సెన్సరు మీద అసలు పరిమాణంలో, అంటే 1:1లో తీసేటప్పుడు కూడా సెన్సరుకూ పంటికీ మధ్య దాదాపు 30 సెంటీమీటర్ల ఎడం ఉంటుంది. మనిషి ముఖం మీదికి వంగాల్సిన పని లేదు, పళ్ల కొలతలూ మారవు. ఆదివారం అదే లెన్సుతో ఇసుక పీతను కూడా తీయవచ్చు.

వదులుకోవడానికి నాకు బాగా కష్టమైన అలవాటు ఎపర్చరుది, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రానిది. తీరంలో నేను రంధ్రం బాగా తెరుచుకునే ఎఫ్2.8లో పడవను పట్టి వెనుక సముద్రాన్ని మసకబారుస్తాను. నోటిలో ముందు పన్ను నుంచి దవడ పన్ను దాకా అన్నీ స్పష్టంగా ఉండాలి కాబట్టి రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్22 పెట్టాలి. వెలుగుకు సెన్సరు స్పందనను సూచించే ఐఎస్ఓ 200, షట్టరు సెకనులో 160వ వంతు. వెలుగంతా ఫ్లాష్ ఇస్తుంది. ఆ మెరుపు చాలా కొద్దిసేపే ఉంటుంది కాబట్టి చేతి వణుకు ఫొటోలో కనిపించదు. ఆటోఫోకస్ ఆపేసి, ఎంత పెద్దగా తీయాలో లెన్సు రింగు మీద ముందే నిర్ణయించుకుని, నేనే ముందుకూ వెనక్కూ కదులుతూ పన్ను స్పష్టమైన చోట నొక్కుతాను. ఇలా చేస్తేనే ఆరు నెలల తర్వాత తీసిన ఫొటోను పాతదాని పక్కన పెట్టి పోల్చగలం. చిన్న సెన్సరు కెమెరా వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. దాని వెడల్పు సుమారు 24 మిల్లీమీటర్లే కాబట్టి 1:1లో రెండు మూడు పళ్లు మాత్రమే పడతాయి.

లెన్సు చుట్టూ అమర్చే రింగు ఫ్లాష్ వెలుగు వెనక పళ్ల వరకూ నీడ లేకుండా వెళుతుంది. ముందు పళ్లను మాత్రం చదునుగా చూపిస్తుంది. వాటి మీది సన్నని గీతలూ ఎత్తుపల్లాలూ కనిపించాలంటే రెండు పక్కల నుంచి వెలుగు వేసే ట్విన్ ఫ్లాష్ కావాలి. అన్ని రకాల చికిత్సలూ చేసేవారికి ముందు రింగే నయమని నా అభిప్రాయం.

నన్ను ఎక్కువగా ఏడిపించినవి అద్దాలు. పై దవడ మొత్తం ఒక్క ఫొటోలో రావాలంటే నోటిలో అద్దం పెట్టి అందులోని ప్రతిబింబాన్నే తీయాలి. మామూలు అద్దంలో గాజుదొకటి, వెనక పూతదొకటి రెండు బొమ్మలు కనిపిస్తాయి. పూత పైభాగానే ఉండే అద్దం కొనాలి. దానిని గరుకు గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. విశాఖ ఉక్కపోతలో అద్దం క్షణంలో మసకబారుతుంది. గోరువెచ్చని నీటిలో ఉంచి తీయడం, రోగిని ముక్కుతో గాలి పీల్చమనడం, సహాయకురాలు సిరంజితో అద్దం మీదికి సన్నగా గాలి వదలడం, ఈ మూడూ ఒకేసారి కుదిరినప్పుడే ఫొటో వచ్చింది. పెదవులను పక్కకు లాగి పట్టే రిట్రాక్టర్లను ముందుగా తడిపితే నొప్పి తగ్గుతుంది. లాగడం కంటే కొద్దిగా ముందుకు ఎత్తి పట్టుకోవడం మేలని నా సహాయకురాలే కనిపెట్టింది. అద్దంలో తీసిన ఫొటోను కంప్యూటర్‌లో తిప్పి భద్రపరచాలి, లేకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి.

ఏయే కోణాల్లో తీయాలో తెలియనివారు అమెరికన్ అకాడమీ ఆఫ్ కాస్మెటిక్ డెంటిస్ట్రీ నిర్ణయించిన 12 ఫొటోల వరుసతో మొదలుపెట్టవచ్చు. నేనూ దానినే గోడకు అంటించుకున్నాను.

ఇక మెరుపు సంగతి. రోగుల మీద ప్రయోగాలు చేయడం నాకు ఇష్టం లేదు. భీమిలిలో ఏరుకొచ్చిన ఒక గవ్వ ఇంట్లో ఉంది. పంటి పైపొర ఎనామిల్ లాంటి నునుపు, కింద నోటి దగ్గర పళ్లలాంటి గాట్లు. దానిని తడిపి వంటింటి బల్ల మీద పెట్టి రాత్రుళ్లు సాధన చేశాను. ఫ్లాష్ ముందు ఒకే దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చే పోలరైజింగ్ ఫిల్మ్, లెన్సు ముందు దానికి అడ్డంగా తిప్పిన మరో ఫిల్టరు పెట్టినప్పుడు గవ్వ మీది తెల్లని మెరుపు ఒక్కసారిగా మాయమై, దాని కింద దాగిన చుక్కలన్నీ పైకి వచ్చాయి. ఆ రాత్రి ఎంత సంతోషించానో చెప్పలేను. ఈ పద్ధతిలో వెలుగు బాగా తగ్గుతుంది, ఫ్లాష్ బలమో ఐఎస్ఓనో పెంచుకోవాలి. మామూలు ఫొటో కూడా తప్పక తీయాలి, ఎందుకంటే పంటి పైపొర తీరు మెరుపులోనే తెలుస్తుంది.

నెల తర్వాత టీచరు గారు వచ్చినప్పుడు ఏ పనీ మొదలుపెట్టకముందే ఫొటోలు తీశాను. పన్ను ఆరితే రంగు తేలిపోతుంది. షేడ్ ముక్కను పంటి అంచుకు అంచు ఆనించి, అదే దూరంలో పట్టుకున్నాం. రంగులు సరిచేయడానికి వాడే 18 శాతం గ్రే (బూడిదరంగు) కార్డుతో మరో ఫొటో తీసి, కెమెరా మార్చకుండా దాచిన రా ఫైళ్లను డార్క్‌టేబుల్‌లో తెరిచి తెలుపును సరిచేశాను. అది ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్, మన అవసరానికి చాలు. ఫొటో దేనికి, ఎవరు చూస్తారు అని చెప్పి రాతపూర్వకంగా ఆమె అనుమతి తీసుకున్నాను. ఈసారి టెక్నీషియన్ ఫోను చేసి, "మచ్చ ఎంత లోతున ఉందో తెలుస్తోంది మేడం" అన్నారు. క్యాపు అమర్చాక టీచరు గారు అద్దాన్ని చాలాసేపు దించలేదు.

సముద్రం పక్కన ఉండేవారికి ఒక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక కరెంటు లేని రోజుల్లో నా మొదటి లెన్సు తోలు సంచిలోనే ఉండిపోయింది. కొన్ని వారాలకు దాని లోపల సాలెగూడులా బూజు అల్లుకుంది. ఇప్పుడు కెమెరాను తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్‌లో పెడుతున్నాను. అది కొనలేకపోతే గట్టి మూత ఉన్న డబ్బా, సిలికా జెల్, చిన్న తేమ మీటరు సరిపోతాయి. తీరం నుంచి వచ్చిన రోజున ఉప్పు తుడవకుండా నేను నిద్రపోను.

వైద్యశాలలో ఈ నెల కొత్తగా ఒక అమ్మాయి చేరింది. కెమెరా పట్టుకోవడం నేర్పుతూ, మొదట ఆ గవ్వనే తడిపి ఆమె ముందు పెట్టాను.