గుర్రాల పేరు మీద స్లాట్లు: బెన్సలెంలో ఒక మధ్యాహ్నం

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రూట్ 1 పట్టుకుని దక్షిణానికి పోతే ట్రెంటన్ దగ్గర డెలావేర్ నది దాటాలి. దాటుతుంటే పక్క వంతెన మీద ఇంతింత అక్షరాలు కనిపిస్తాయి: ట్రెంటన్ తయారు చేస్తుంది, ప్రపంచం తీసుకుంటుంది అని. ఫ్యాక్టరీలు నడిచిన రోజుల్లో చెప్పుకున్న గొప్ప అది. "ఇప్పుడేం తయారవుతోంది బావగారూ?" అని అడిగాను. "ఫైళ్లు. రాష్ట్ర రాజధాని కదా" అన్నారాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

బావగారంటే మా అమ్మాయి మామగారు. న్యూజెర్సీలో స్థిరపడి చాలా కాలమైంది. ఆ రోజు ఆడవాళ్లిద్దరూ బ్రిడ్జ్‌వాటర్ వెంకటేశ్వరస్వామి గుడికి బయల్దేరారు. మా ఇద్దరికీ పెన్సిల్వేనియాలో గుర్రాలు చూడాలన్న బుద్ధి పుట్టింది. మలక్‌పేట రేస్‌కోర్సుకి కూతవేటు దూరంలో పెరిగినవాణ్ణి, అమెరికాలో రేసు ఎలా జరుగుతుందో చూడాలని నాకెప్పటి నుంచో ఉంది. బావగారికి రేసుల మీద ఆసక్తి లేదు. ఆయనకున్నది ప్రభుత్వ లెక్కల మీద. ఎవరి పన్ను ఎవరికి పోతోందో చెప్పమంటే భోజనం కూడా మానేస్తారు.

పెన్సిల్వేనియాలో బెన్సలెం అనే ఊళ్లో పార్క్స్ రేసింగ్ అనే రేస్‌కోర్సు ఉంది. 1974లో కీస్టోన్ రేస్‌ట్రాక్ పేరుతో మొదలై, తర్వాత ఫిలడెల్ఫియా పార్క్ అయి, 2010లో పార్క్స్ అయింది. కారు పార్కింగ్‌కి డబ్బుల్లేవు, లోపలికి టికెట్ లేదు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. మలక్‌పేటలో గేటు దగ్గరే జేబులో చెయ్యి పెట్టాలి.

ముందు అక్కడే ఉన్న క్యాసినోలోకి, అంటే స్లాట్లనే జూదం మెషీన్ల హాల్లోకి వెళ్లాం. మంగళవారం మధ్యాహ్నం. అయినా కార్లు నిండుగా ఉన్నాయి. లోపల బయటి వెలుగు కనపడదు, గడియారం కనపడదు. దున్నపోతుల బొమ్మలు, డ్రాగన్ల బొమ్మలు, నాణేలు జలజల రాలుతున్న చప్పుడు. అసలు నాణేలు మాత్రం ఎక్కడా లేవు, అంతా కార్డులూ కాగితం చీటీలే. ఆడుతున్నవాళ్లలో ఎక్కువ మంది మా వయసువాళ్లు. ఒకావిడ వాకర్ పక్కన పెట్టుకుని, ముఖంలో ఏ భావమూ లేకుండా బటన్ నొక్కుతూ ఉంది. గెలిచినప్పుడూ అదే ముఖం, పోయినప్పుడూ అదే ముఖం. మలక్‌పేటలో ఓడిపోయినవాడు జాకీని తిడతాడు, ట్రైనర్‌ని తిడతాడు, చివరికి తన జ్యోతిష్యుణ్ణి తిడతాడు. ఇక్కడ తిట్టడానికి కూడా ఎవరూ లేరు.

బావగారు ఒక ఇరవై డాలర్లు మెషీన్‌లో పెట్టారు. టీ తాగినంతసేపు కూడా పట్టలేదు, అయిపోయాయి.

"పోనీలెండి, ఇందులో రెండు డాలర్ల పైచిలుకు గుర్రాలకిచ్చాను" అన్నారు.

అదేం మాట అంటే ఫోన్ తీసి లెక్క చెప్పడం మొదలుపెట్టారు. 2004లో పెన్సిల్వేనియా ఒక చట్టం చేసింది. రేసు గుర్రాల అభివృద్ధి కోసం అని చెప్పి, ఆ చట్టంతోనే రాష్ట్రంలో స్లాట్ మెషీన్లకి తలుపులు తీసింది. జనం మెషీన్లలో పోగొట్టుకున్న ప్రతి వంద డాలర్లలో సగానికి పైగా ప్రభుత్వానికి పోతుంది. అందులో 34 డాలర్లు ఇళ్ల పన్ను తగ్గించడానికి. పదకొండు డాలర్ల దాకా రేసు గుర్రాల నిధికి. ఆ నిధిలో 80 శాతం రేసుల ప్రైజ్ మనీ, 16 శాతం గుర్రాల పెంపకానికి ప్రోత్సాహం. గుర్రాలతో పనిచేసేవాళ్ల వైద్యానికీ పెన్షన్‌కీ కలిపి మిగిలిన 4 శాతం. అంటే వంద డాలర్లు పోగొట్టుకున్న పెద్దావిడ డబ్బులో దాదాపు తొమ్మిది డాలర్లు గెలిచిన గుర్రాల యజమానులకీ వాళ్ల వెంట ఉన్నవాళ్లకీ చేరతాయి. గుర్రం కాళ్లకి కట్లు కట్టే కుర్రాడి ఆసుపత్రి ఖర్చుకి అర డాలరు కూడా పోదు.

అక్కణ్ణించి గ్రాండ్‌స్టాండ్‌కి నడిచాం. వేల మంది కోసం కట్టిన స్టాండు అది. ఆ మధ్యాహ్నం అందులో కనిపించినవాళ్లు మా కాలనీ వాకింగ్ బ్యాచ్ కంటే కాస్త ఎక్కువ ఉంటారేమో. అందులోనూ సగం మంది ట్రాక్ వైపు వీపు పెట్టి, వేరే రాష్ట్రాల రేసులు టీవీల్లో చూస్తున్నారు. ఇప్పుడు పందేలు చాలావరకు ఫోన్ల మీద, దూరం నుంచి కాస్తున్నారు. అందులో ట్రాక్‌కి దక్కేది చిన్న ముక్క.

కానీ రేసుకి ముందు గుర్రాల్ని తిప్పి చూపించే పాడాక్ దగ్గరికి వెళ్లి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డాక నాకు ఇవన్నీ కాసేపు గుర్తు రాలేదు. గుర్రాలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒక ముదురు గోధుమరంగు ఆడగుర్రం చెవులు ముందుకు పెట్టి, మెడ విల్లులా వంచి నడుస్తోంది. చెమట లేదు, తొట్రుపాటు లేదు. మా నాన్నగారు అక్టోబరు 2న డెక్కన్ డెర్బీకి తీసుకెళ్లినప్పుడు చెప్పేవారు: నడక చూడు, ముందు రేసుల రికార్డు చూడు, మోసే బరువు చూడు, జాకీని చూడు, ఆఖరున ధర చూడు. అలా చూసి, అదే మొదటిది వస్తుందని రెండు డాలర్లు విన్‌లో పెట్టాను. ఆరు ఫర్లాంగుల రేసు. మలుపు దాకా ముందే ఉంది, మట్టి ఎగరేసుకుంటూ. ఆఖరి ఫర్లాంగులో ఊపిరి అయిపోయి నాలుగోది వచ్చింది. రెండు డాలర్లు పోయినా ఆ నిమిషం పావు నాకు నచ్చింది. ఇందులో చూడ్డానికి ఉంది, ఆలోచించడానికి ఉంది. మన సుప్రీంకోర్టు కూడా 1996లో తమిళనాడు కేసులో గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆట అని చెప్పింది. అలాంటి ఆటని, నైపుణ్యానికి చోటే లేని బటన్ పోషించాల్సి వస్తోంది!

రెయిలింగ్ దగ్గర ఒక పెద్దాయన మాట కలిపారు. గుర్రాల కొట్టాల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారట. ఆ మెషీన్ల గదిలో ఎప్పుడూ అడుగు పెట్టలేదన్నారు. "కానీ అవే లేకపోతే ఈ కొట్టాల చోట ఈపాటికి ఇళ్లు లేచేవి" అన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గుర్రాలకి దాణా పెట్టేవాళ్లు, నాడాలు కొట్టేవాళ్లు, ఎండుగడ్డి అమ్మే రైతులు, పశువైద్యులు, వీళ్లందరి పేర్లూ వరసగా చెప్పుకొచ్చారు. ఆయన మాటల్లో అతిశయం లేదు. బావగారు కూడా ఆయన ముందు శాతాల జోలికి పోలేదు.

తర్వాతి రేసు క్లెయిమింగ్ రేసు. ఇలాంటి రేసులో పరిగెత్తే ప్రతి గుర్రానికీ ముందే ఒక ధర రాసి ఉంటుంది. అర్హత ఉన్నవాళ్లు ఎవరైనా రేసు మొదలవకముందే చీటీ వేసి దాన్ని కొనేయవచ్చు. మంచి గుర్రాన్ని బలహీనమైన రేసులో దించి మోసం చేయకుండా ఇదొక కట్టడి. చేస్తే గుర్రమే చేజారిపోతుంది. కాని స్లాట్ల డబ్బు ఈ లెక్కని తలకిందులు చేసింది. గుర్రం ధర ఐదు వేల డాలర్లుంటే, ఆ రేసు ప్రైజ్ మనీ అంతకు కొన్ని రెట్లు. కాలు నొప్పి ఉన్న గుర్రాన్ని విశ్రాంతికి పంపాలా, ఇంకొక్కసారి పరిగెత్తించాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, ఆ డబ్బు ఏ వైపు లాగుతుందో వేరే చెప్పాలా?

ఇది ఊహ కాదు. న్యూయార్క్‌లో అక్విడక్ట్ ట్రాక్ పక్కన 2011 అక్టోబరులో క్యాసినో తెరిచారు. ప్రైజ్ మనీ ఒక్కసారిగా పెరిగింది. ఆ చలికాలంలోనే అక్కడ 21 గుర్రాలు చనిపోయాయి. గవర్నర్ వేయించిన నిపుణుల బృందం మరుసటి ఏడాది ఇచ్చిన నివేదికలో, గుర్రం విలువకి మించి ప్రైజ్ మనీ పెరగడాన్ని కారణాల్లో ఒకటిగా ఎత్తి చూపింది. రేసులని బతికించడానికి తెచ్చిన డబ్బే గుర్రాల కాళ్ల మీదికి వచ్చింది. 2022 నుంచి దేశంలో చాలావరకు ఒకే భద్రతా సంస్థ నియమాలు అమలవుతున్నాయి, అది మేలే. కానీ డబ్బు లాగే దిక్కు మారలేదు.

మరి ఈ పార్క్స్ ఎప్పుడూ ఇలా ఖాళీగానే ఉందా అంటే, లేదు. 2004లో ఇక్కడ శిక్షణ పొందిన స్మార్టీ జోన్స్, పెన్సిల్వేనియాలోనే పుట్టిన గుర్రం, అమెరికాలో పేరుమోసిన రేసుల్లో కెంటకీ డెర్బీ గెలిచింది, ప్రీక్‌నెస్ గెలిచింది. డెర్బీ గెలిచి ఇంటికొచ్చాక, రేసు కూడా కాదు, ఉత్త ఉదయం పరుగు చూడ్డానికి వేల మంది ఇక్కడికి వచ్చారు. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారట. జూన్‌లో అంతే పేరున్న బెల్మాంట్ రేసులో బర్డ్‌స్టోన్ అనే గుర్రం చేతిలో ఓడిపోయింది. సరిగ్గా నెల తర్వాత, జులైలో, గవర్నర్ ఎడ్ రెండెల్ స్లాట్ల చట్టం మీద సంతకం పెట్టారు. ఒక గుర్రం కోసం జనం తమంతట తాము కదిలొచ్చిన ఏడాదే, ఇక జనం రాకపోయినా నడిచిపోయే ఏర్పాటు జరిగింది. నాకు ఆ రోజంతా మనసులో మెదిలింది ఇదే. మెషీన్లు రేసులకి డబ్బిచ్చాయి. ఆ డబ్బొచ్చాక ప్రేక్షకుణ్ణి రప్పించాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. రప్పించాల్సింది శాసనసభ్యులనే.

వాళ్లని బాగానే రప్పించుకున్నారు కూడా. 2017లో ఆ రేసు గుర్రాల నిధిని ట్రస్టుగా మార్చి, వేరే పనులకి తీయడం కష్టం చేశారు. 2020లో గవర్నర్ టామ్ వుల్ఫ్ ఆ నిధిలోంచి 20.4 కోట్ల డాలర్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చదివే పిల్లల స్కాలర్‌షిప్పులకి మళ్లిద్దామన్నారు. సభ ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది మళ్లీ అడిగారు, మళ్లీ కాలేదు. పిల్లల ఫీజులా, గుర్రాల ప్రైజ్ మనీనా అని ఓటు పెడితే జనం ఏమంటారో ఊహించడం కష్టం కాదు. ఆ ఓటే ఎప్పుడూ జరగదు.

తిరుగు ప్రయాణంలో బావగారు తీర్పు చెప్పేశారు: "రేపే ఆపేయాలి." నేను ఒప్పుకోలేదు. కెనడాలో ఆంటారియో ప్రభుత్వం అచ్చం అదే చేసింది. 1998 నుంచి అక్కడ స్లాట్ల ఆదాయంలో 20 శాతం ట్రాకులకీ గుర్రాలవాళ్లకీ చెరిసగం పంచేవారు. ఏడాదికి 34.5 కోట్ల కెనడా డాలర్ల దాకా వచ్చేది. 2012లో ఏడాది గడువిచ్చి, 2013 మార్చి 31తో ఆపేశారు. గుర్రాన్ని పుట్టించి పరుగుకి తయారు చేయాలంటే మూడేళ్లు పడుతుంది. అప్పటికే కడుపులో ఉన్న పిల్లలకి గిరాకీ లేకపోయింది. పెంపకందారులు పని మూసేసుకున్నారు. చివరికి ప్రభుత్వమే వెనక్కి తగ్గి, 2013లోనే ఐదేళ్లకి 40 కోట్ల డాలర్లు ప్రకటించింది. కొట్టాల్లో పనిచేసేవాళ్ల మీద దెబ్బ కొట్టాక ఇచ్చిన మందు అది.

ఆ వారాంతంలో మా అల్లుడు ఏదో కొనడానికి ఫ్రీహోల్డ్ వైపు తీసుకెళ్తే, అక్కడి రేస్‌వే దగ్గర ఆగమన్నాను. గుర్రం వెనక చిన్న బండి కట్టి పరిగెత్తించే రేసులవి. 1853 నుంచి ఆ ఊళ్లో రేసులు జరుగుతూ వచ్చాయి. 2024 డిసెంబరు ఆఖరున మూసేశారు. న్యూజెర్సీలో స్లాట్లు అట్లాంటిక్ సిటీ దాటి రావు. బయట కూడా పెట్టుకోనిద్దామా అని 2016లో ఓటు పెడితే జనం పెద్ద తేడాతో వద్దన్నారు. బదులుగా 2019 నుంచి రాష్ట్రం బడ్జెట్‌లోంచే ఏటా 2 కోట్ల డాలర్ల దాకా, ఎక్కువగా రేసుల ప్రైజ్ మనీకి ఇస్తోంది. ఫ్రీహోల్డ్ అయినా నిలవలేదు. దీన్ని చూపించి స్లాట్లు లేకపోతే ఇంతే అనేవాళ్లున్నారు. నాకు మాత్రం న్యూజెర్సీ పద్ధతే నచ్చింది. ఆ 2 కోట్లు అందరికీ కనపడతాయి. ఎందుకిస్తున్నారని ఎవరైనా అడగొచ్చు, అడిగినవాళ్లకి జవాబు చెప్పాలి. పెన్సిల్వేనియాలో ఆ డబ్బు పెద్దావిడ నొక్కే బటన్‌లోంచి తనంతట తాను పారుతుంది.

రాత్రి భోజనాల దగ్గర మళ్లీ మొదలైంది. స్లాట్ల వాటా ఏటా కొంత చొప్పున తగ్గించుకుంటూ పోవాలని, గుర్రం ధరకి మించి ప్రైజ్ మనీ పెరగకుండా కట్టడి పెట్టాలని, గుర్రాలతో పనిచేసేవాళ్లకిచ్చే ఆ 4 శాతాన్ని మాత్రం ముట్టుకోకుండా ఇంకా పెంచాలని నేనన్నాను. రేసు మానేసిన గుర్రాల పోషణకి కూడా ప్రైజ్ మనీలోంచే తీయాలన్నాను. బావగారు ససేమిరా అన్నారు. గుర్రాలు కొనగలిగినవాళ్లు గుర్రాల్ని పోషించుకోలేరా అని ఆయన వాదన. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

"అయితే మీ మలక్‌పేటకీ ప్రభుత్వం డబ్బివ్వాలంటారా?" అన్నారు పెరుగు వడ్డించుకుంటూ.

"ఇవ్వక్కర్లేదండీ. పందెం కాసిన మొత్తం మీద 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు నుంచి 40 చేశారు. అది తగ్గిస్తే చాలు" అన్నాను. వెంటనే ఫోన్ తీసి, మొత్తం మీద పన్నుకీ ఆదాయం మీద పన్నుకీ తేడా ఎంతొస్తుందో లెక్క కట్టడం మొదలుపెట్టారాయన. మా వియ్యపురాలు వచ్చి ఫోన్ లాక్కునేదాకా ఆపలేదు.