గంగ అవతల సద్దుల బతుకమ్మ

హన్మకొండ బస్టాండ్‌లో మూడు గంటలు నిలబడ్డాక దొరికిన బస్సుకు ముందు అద్దం మీద 'పండుగ స్పెషల్' అని కాగితం అంటించి ఉంది. ఏం స్పెషలో ఎక్కాక గానీ తెలియలేదు. సీటు వెనక్కి వాలదు, కిటికీ అద్దం సగంలో ఇరుక్కుపోయింది, టికెట్ మాత్రం ఒకటిన్నర రేటు. మా ఆవిడకు మహాలక్ష్మి కింద జీరో టికెట్. "ఇద్దరిదీ కలిపి లెక్కేసుకో, లాభమే" అంది. భూపాలపల్లి దాకా నేను మాట్లాడలేదు.

కాళేశ్వరంలో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ఒకే పానవట్టం మీద రెండు లింగాలుండే గుడి కదా, ఇంత దూరం వచ్చి చూడకుండా పోతామా అనుకున్నాం గానీ, లైను చూసి బయటి నుంచే దండం పెట్టాం. గంగ అవతల, అంటే గోదావరికి అవతలి ఒడ్డున మహారాష్ట్రలో ఉన్న సిరొంచకు షేర్ ఆటో మనిషికి 50. "ఆధార్ కార్డు చూపిస్తే ఏమన్నా తగ్గిస్తవా తమ్ముడూ?" అని మా ఆవిడ అడిగింది. ఆటో అబ్బాయి నవ్వలేదు. ఆ ప్రశ్న అతను ఆ రోజు ఎన్నోసారి విన్నాడో మరి.

వంతెన దాటడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఎడమ పక్కన ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తోంది. రెండూ ఎర్రగా నిండుగా ఉన్నాయి, ఏది ఏదో చెప్పలేం. నా చిన్నప్పుడు ఇక్కడ వంతెన లేదు. వానాకాలం పడవ, ఎండాకాలం ఇసుకలో నడక. ఒక మే నెలలో నాన్న వెంట మేనత్త ఇంటికి పోతూ, సగం దారిలో చెప్పు తెగితే ఒంటి కాలి మీద గెంతుకుంటూ నడిచాను. అత్త కోసం కొన్న చీరను న్యూస్‌పేపర్‌లో చుట్టి నాన్న నెత్తి మీద పెట్టుకున్నాడు, నీళ్ల పాయ దాటేటప్పుడు తడవకుండా. నన్ను మాత్రం తడవనిచ్చాడు.

అత్త ఊరు సిరొంచ నుంచి ఇంకో ఐదారు కిలోమీటర్లు. అక్కడ బోర్డులన్నీ మరాఠీ, మాటలన్నీ తెలుగు. కిరాణా కొట్టు మీద రాసిన పేరు కూడబలుక్కుని చదివేలోపు లోపలి నుంచి "ఏం గావాలె సేటూ?" అని వినబడుతుంది. గడ్చిరోలి జిల్లా 1982లో చాందా (ఇప్పటి చంద్రపూర్) నుంచి విడిపోయింది, కానీ మా అత్తకు ఆ కబురు ఇంకా చేరలేదు. ఆమె ఇప్పటికీ చాందా జిల్లాలోనే కాపురం చేస్తోంది. ఆమె అనుకోవడంలో తప్పూ లేదు. జిల్లా కచేరీ రెండు వందల కిలోమీటర్ల పైన అడవి దారిలో ఉంటే, వరంగల్ అంతకంటే దగ్గర. ఒంట్లో బాగాలేకపోయినా గంగ దాటి ఇవతలికే వస్తారు.

"ఎన్నేండ్లకొస్తివిరా కొడుకా! బిడ్డెక్కడ?" అని అత్త మొదటి మాట. మా అమ్మాయి రాలేదు. ఇంటర్ కోచింగ్ ఉందంది. పండుగ సెలవుల్లో కోచింగ్ ఏమిటో అత్తకు అర్థం కాలేదు. నిజానికి నాకూ కాలేదు.

సద్దుల రోజు పొద్దున్నే గునుగు పూలకు పోయాం. హైదరాబాద్‌లో మా గల్లీ మలుపులో గుప్పెడు గునుగు కట్ట 40 రూపాయలు, అదీ వాడిపోయింది. ఇక్కడ బావ పత్తి చేను గట్టంతా గునుగే. కలుపని పీకి పారేస్తారు, ఈ తొమ్మిది రోజులు మాత్రం ఎవరూ కొడవలి పెట్టరు. తంగేడు కోసం ఇంకొంచెం అడవి వైపు వెళ్లాలి. బంతి మాత్రం సిరొంచ నుంచి కొనుక్కొచ్చాం, కిలో 150. మహారాష్ట్ర ఆర్టీసీ వాళ్ల ఎస్టీ బస్సులో మా ఆవిడకు హాఫ్ టికెట్ కొట్టారు. "గంగకు అటు ఫ్రీ, ఇటు సగం. మీ మగోళ్లకు ఎక్కడా లేదు" అని నవ్వింది.

ఇంటికొచ్చి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి బతుకమ్మ పేరుస్తుంటే, బావ బిడ్డ వంద పేజీల నోట్‌బుక్ పట్టుకుని పక్కన కూర్చుంది. ఏడో తరగతి. "సాతవీలున్న మామా" అంది. అట్ట మీద శివాజీ మహారాజ్ బొమ్మ. ఏం రాసుకున్నావని తీసుకుని చూస్తే పేజీ పేజీకి నీలం ఇంకుతో చక్కటి మరాఠీ అక్షరాలు. స్కూల్లో హిందీ చదివిన ధైర్యంతో కూడబలుక్కుని పైకి చదివాను: "పేద్ద చేరువు కట్ట మీద..."

పిల్లలంతా ఘొల్లున నవ్వారు. అది బతుకమ్మ పాట. పెద్ద చెరువు.

విషయం ఏమిటంటే ఆ లిపిలో ఎ, ఏ అని రెండు లేవు. ఒ, ఓ కూడా అంతే. ఉన్నది ఒక్కటే, దీర్ఘం. కాబట్టి నేను చదివితే చెల్లె 'చేల్లే' అయింది, కొడుకు 'కోడుకు' అయ్యాడు. ఆ పిల్ల చదివితే ఒక్క తప్పు లేదు, ఎక్కడ కుదించాలో నోటికి తెలుసు. ఊళ్లో బడి మరాఠీలోనే, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అత్తకు ఏ అక్షరమూ రాదు. వానాకాలమంతా పొద్దుగూకినంక నాయినమ్మ పాడుతుంటే ఈ పిల్ల రాసుకుందట. పద్దెనిమిది పాటలు. మర్చిపోయిన చరణం దగ్గర రెండు గీతలు వదిలేసింది, గుర్తొచ్చినప్పుడు నింపడానికి. కొన్నిచోట్ల ఆ గీతల మీద వేరే రంగు ఇంకు ఉంది. కొన్ని ఇంకా ఖాళీ.

ఒక పేజీ ఫోటో తీసి మా అమ్మాయికి వాట్సాప్ చేశాను. సిగ్నల్ కోసం చింతచెట్టు దాకా నడవాల్సి వచ్చింది. "మరాఠీ సాంగా డాడీ?" అని జవాబు.

సాయంత్రం గంగ ఒడ్డుకు పోవద్దు, నీళ్లు ఎక్కువున్నాయి అన్నారు, అందుకని ఊరి చెరువుకే పోయాం. ఆట మొదలయ్యాక అరగంటకు ఎవరో కుర్రాళ్లు స్పీకర్ బాక్సు తెచ్చి పెట్టారు. ఇక్కడ కూడానా అని నాకు చిర్రెత్తింది. అత్త మాత్రం పట్టించుకోలేదు. "మనం కోలాటం మొదలువెడితే అదే బందైతది" అంది. బంద్ కాలేదు. రెండూ కలిసే నడిచాయి, ఎవరి పాట వారిది.

సద్దులు పంచే వేళకు ఎదురింట్లో అద్దెకుండే టీచరమ్మ వచ్చింది, నాగ్‌పూర్ వైపు ఆమె. చేతిలో మూత పెట్టిన స్టీలు డబ్బా. వాళ్ల వైపు ఏటా ఈ రోజుల్లో ఆడపిల్లలు భులాబాయి పాటలు పాడుకుంటారు, చివర్లో డబ్బాలో ఏముందో కనిపెట్టిన తర్వాతే ప్రసాదం పెడతారట. ఖిరాపత్ అంటారు. ఆమె డబ్బా చెవి దగ్గర ఊపింది. గలగలమంది. పిల్లలు శేవ్ అన్నారు, చిడ్వా అన్నారు, ఒకడు ఆశగా చాక్లెట్ అన్నాడు. అత్త డబ్బాను వాసన చూసి "పుట్నాలు" అంది. "ఫుటాణే! బరోబర్!" అని టీచరమ్మ మూత తీసింది. మా అత్త ఆ రాత్రి పడుకునేదాకా ఆ గెలుపు గురించే చెప్పింది. తన నువ్వుల సద్ది ఎట్లా కుదిరిందని ఒక్కరూ అడగలేదని కూడా చెప్పింది.

మర్నాడు వాన. తిన్నాం, పడుకున్నాం.

2025 దసరా సరిగ్గా అక్టోబర్ 2న పడింది. గడ్చిరోలి జిల్లాలో ఎలాగూ 1993 నుంచి మద్యనిషేధం. గాంధీ జయంతి పుణ్యమా అని గంగ ఇవతల కూడా బంద్. మటన్ ముందురోజే తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టానన్నాడు బావ. మిగతా సంగతి అడగొద్దన్నాడు, నేనూ అడగలేదు.

సాయంత్రం పొలిమేరలో జమ్మి పూజ. జమ్మి ఆకు చేతిలో పెట్టి బంగారం అని అలాయ్‌బలాయ్ తీసుకుంటున్నాం. టీచరమ్మ భర్త నా చేతిలో పెట్టింది మాత్రం వేరే ఆకు, మధ్యలో చీలి రెండు రెక్కల్లా ఉంది. "సోనం ఘ్యా" అన్నాడు. వాళ్లకు బంగారమంటే ఆపటా ఆకు. అత్త నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "గిది ఆరె ఆకు గదరా! దీంతోని బీడీలు చుడుతుండె మీ మామ" అని తిరిగి ఇచ్చేసింది. దసరా నాడు ఊరి పొలిమేర దాటడాన్ని మరాఠీలో సీమోల్లంఘన్ అంటారని ఆయనే చెప్పాడు. మేం నాలుగు రోజుల ముందే దాటామన్నాను, ఒకటిన్నర రేటు ఇచ్చి.

బయల్దేరే ముందు రాత్రి నేనూ ఒక నోట్‌బుక్ కొనుక్కొచ్చి అత్త ముందు కూర్చున్నాను. మా అమ్మాయికి తెలుగు అక్షరాల్లో రాసి ఇద్దామని. అత్త పాడుతూనే పోతుంది, ఆగమంటే పాట తెగుతుంది, తెగితే మళ్లీ మొదటి నుంచి. నా చెయ్యి అందుకోలేదు. ఎక్కడో తప్పిపోతే బావ బిడ్డ తన నోట్‌బుక్ చూసి అందించింది. పదకొండింటి దాకా కూర్చుంటే వచ్చినవి రెండు పాటలు.

తిరుగు ప్రయాణంలో పరకాల దగ్గర ఆ నోట్‌బుక్ తీసి చూసుకుంటే రెండో పాటలో ఒక చరణం లేదు. ఫోన్ చేశాను. బస్సు మోతలో సగమే వినబడింది, నాకు తోచినట్టు రాసుకుని తిరిగి చదివి వినిపించాను.

"కాదు మామా," అంది, "కోడలు కాదు, కొడలి. గొడ్డలికి తమ్ముడుంటది సూడు, గది. మల్ల రాస్కో."