జ్ఞాపకం పోయిన మనిషి ఎవరు?

నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒక్కరేనని దేన్ని బట్టి చెప్పగలం అనే ప్రశ్నను పాశ్చాత్య తత్వశాస్త్రంలో అందరికంటే సూటిగా అడిగినవాడు జాన్ లాక్. ‘మానవ అవగాహనపై వ్యాసం’ అనే తన గ్రంథానికి 1694లో రెండవ ముద్రణ తెచ్చినప్పుడు, ఐర్లండ్ మిత్రుడు విలియం మాలినో ప్రోద్బలంతో, ఆయన దానిలో ఒక కొత్త అధ్యాయం చేర్చాడు. ఒక వ్యక్తిని ఆ వ్యక్తిగా నిలిపేది దేహం కాదని, లోపల ఉందనుకునే ఆత్మపదార్థం కూడా కాదని, గడిచిన పనులను ‘అవి చేసింది నేనే’ అని గుర్తించే ఎరుక మాత్రమేనని అందులో వాదించాడు. ఆ ఎరుక వెనక్కి ఎంత దూరం వెళ్లగలదో ఆ వ్యక్తి కూడా అంత దూరమే ఉంటాడు. ఒక రాకుమారుడి ఎరుక అంతా చెప్పులు కుట్టే మనిషి దేహంలోకి చేరితే, చుట్టుపక్కల వాళ్లందరికీ అతడు ఆ చెప్పులు కుట్టేవాడిగానే కనిపించినా, రాకుమారుడు చేసిన పనులకు బాధ్యుడు మాత్రం అతడేనని లాక్ అంటాడు.

ఈ సిద్ధాంతం నాకు పుస్తకంలోని విషయంగా మిగలకపోవడానికి కారణం మా బాపు. వరంగల్ కొత్తవాడలో మగ్గం మీద జంపఖానాలు నేసి మమ్మల్ని పెంచిన ఆయన ఇప్పుడు హన్మకొండలో నా దగ్గర ఉంటున్నాడు. నన్ను చూసి, ఏనాడో చనిపోయిన తన తమ్ముడిననుకొని, ‘తమ్మీ, ఎప్పుడొచ్చినవ్, బువ్వ తిన్నవా?’ అని అడుగుతాడు. పెళ్లి చేసుకున్నది, మేము పుట్టినది, మా చదువులకోసం రాత్రులు కూడా మగ్గం మీద కూర్చున్నది ఆయనకు గుర్తు లేదు. లాక్ కొలమానంతో చూస్తే, ఆ నేతపని చేసిన మనిషి వేరు, ఈ కుర్చీలో కూర్చున్న మనిషి వేరు. నా మనసు దీన్ని ఒప్పుకోదు. అయితే మనసు ఒప్పుకోకపోవడం ఒక వాదనకు సమాధానం కాదు కాబట్టి, ఈ విషయంలో పాశ్చాత్య తత్వవేత్తలు ఒకరితో ఒకరు ఎలా వాదించుకున్నారో కొంత శ్రద్ధగా చదివాను. మన వేదాంతంతో పోలిక పెట్టడం చాలా పెద్ద పని. దాన్ని ఇక్కడ తలపెట్టడం లేదు.

ముందుగా లాక్‌కు న్యాయం చేయాలి. ఆయనకు ముందు రెనె డెకార్ట్ 1641లో ప్రచురించిన ‘ధ్యానాలు’ అనే గ్రంథంలో, దేన్నయినా శంకించవచ్చు గానీ శంకిస్తున్న నేను ఉన్నాననే సంగతిని శంకించలేనని చెప్పి, ఆ ‘నేను’ ఆలోచించడమే స్వభావంగా గల, దేహానికి భిన్నమైన పదార్థమని తేల్చాడు. స్థలంలో చోటే లేని ఆ పదార్థం దేహాన్ని ఎలా కదిలిస్తుందని బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643లో ఆయనకు ఉత్తరం రాసి అడిగింది. ఆ ప్రశ్నకు డెకార్ట్ ఇచ్చిన సమాధానాలు ఆమెను తృప్తిపరచలేదు, నన్నూ తృప్తిపరచలేదు. లాక్ ఈ చిక్కును విప్పే ప్రయత్నం చేయకుండా దాన్ని పక్కకు పెట్టాడు. నాలోని ఆత్మ ఒకనాడు గ్రీకు గాథల్లోని ట్రాయ్ యుద్ధంలో ఉన్న నెస్టర్‌దే అయినా సరే, నెస్టర్ చేసిన ఒక్క పని కూడా నాకు ఎరుకలో లేనప్పుడు నేను నెస్టర్‌ను ఎలా అవుతానని ఆయన ప్రశ్న. ‘వ్యక్తి’ అనే భావనకు అసలు తావు న్యాయస్థానంలో ఉందని కూడా ఆయన అన్నాడు: ఎవరిని శిక్షించాలి, ఎవరిని సన్మానించాలి, ఎవరు దేనికి జవాబు చెప్పాలి అనే సందర్భాల్లోనే దాని అవసరం పడుతుంది. తనకు ఏమాత్రం తెలియని పనికి ఎవరూ అంతిమ తీర్పు నాడు జవాబు చెప్పవలసి రాదని ఆయన నమ్మాడు. ఈ నమ్మకంలో ఉన్న దయను గుర్తించకుండా లాక్‌ను విమర్శించడం సరికాదు.

లాక్‌పై వచ్చిన ఆక్షేపణల్లో నాకు అత్యంత విలువైనది స్కాట్లండ్ తత్వవేత్త థామస్ రీడ్ 1785లో రాసినది. చిన్నతనంలో తోటలో దొంగతనం చేసి దెబ్బలు తిన్న ఒక బాలుడు పెద్దవాడై సైన్యంలో చేరి తొలి యుద్ధంలోనే శత్రువుల పతాకాన్ని చేజిక్కించుకున్నాడని, ముసలితనంలో సేనాపతి అయ్యాడని అనుకోమంటాడు రీడ్. పతాకం పట్టిన రోజున ఆ యువకుడికి చిన్నప్పటి దెబ్బలు గుర్తున్నాయి. సేనాపతికి పతాకం గుర్తుంది గానీ దెబ్బలు గుర్తు లేవు. అప్పుడు లాక్ ప్రకారం సేనాపతీ యువకుడూ ఒక్కరే, యువకుడూ బాలుడూ ఒక్కరే, కానీ సేనాపతీ బాలుడూ ఒక్కరు కారు. ఇది తర్కానికి నిలవదు. లాక్‌ను సమర్థించే తరువాతి వాళ్లు దీనికి ఒక మరమ్మతు చేశారు: నేరుగా గుర్తుండనక్కర లేదు, మధ్యలోని జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి కలుస్తూ వస్తే చాలు అన్నారు. సేనాపతి విషయంలో ఆ మరమ్మతు సరిపోతుంది.

బాపు విషయంలో ఇది తలకిందులైంది. రీడ్ సేనాపతి బాల్యాన్ని మరిచి నడివయసును గుర్తుంచుకున్నాడు. బాపు నడివయసును మరిచి బాల్యాన్ని గుర్తుంచుకున్నాడు. పడుగు పోగులు తెంపినందుకు తన తండ్రి చేతిలో తిన్న దెబ్బల సంగతి ఇప్పటికీ చెబుతాడు, తమ్ముడితో కలిసి భద్రకాళి చెరువులో ఈత కొట్టిన సంగతీ చెబుతాడు. లాక్ ప్రకారం ఈ ముసలి మనిషి ఆ పిల్లవాడే. నడివయసులో ఉన్నప్పుడు బాపుకు కూడా ఆ చిన్నతనమంతా గుర్తుండేది కాబట్టి, ఆ నడివయసు మనిషీ ఆ పిల్లవాడే. కానీ ఈ ముసలి మనిషి ఆ నడివయసు మనిషి కాడు! ఇద్దరూ ఒకే పిల్లవాడు పెరిగి అయినవాళ్లే, ఒకరికొకరు మాత్రం పరాయివాళ్లు. కలుస్తూ వచ్చే జ్ఞాపకాల మరమ్మతు కూడా బాల్యం మీదుగా చుట్టూ తిరిగి వచ్చి ఈ ఇద్దరినీ కలపవలసి ఉంటుంది గానీ, మమ్మల్ని పెంచిన ఆ ఏళ్ల మీదుగా దారి లేదు. ఆ లెక్కలో బాపును పిల్లవాడితో కలిపేది జ్ఞాపకం, కానీ ఆ పిల్లవాడి నుంచి ఇప్పటి వరకు ఆయనను మోసుకొచ్చినది మాత్రం జ్ఞాపకం కాదు, ఆయన బతికిన బతుకు. రీడ్ ఈ ఉదాహరణను ఇటు తిప్పి చూసి ఉంటే తన వాదాన్ని ఇంకా బలంగా చెప్పగలిగేవాడని నా అభిప్రాయం.

డేవిడ్ హ్యూమ్ 1739లో వెలువరించిన గ్రంథంలో వేసిన ప్రశ్న ఇంకా లోతైనది. తన లోపలికి ఎంత నిశితంగా చూసుకున్నా వేడి, చలి, ప్రేమ, ద్వేషం, నొప్పి వంటి ఏదో ఒక అనుభూతి తగులుతున్నదే తప్ప, వాటిని అనుభవిస్తున్న ‘నేను’ ఎక్కడా దొరకడం లేదని ఆయన చెప్పాడు. ఊహకు అందనంత వేగంతో ఒకదాని వెంట ఒకటి వచ్చిపోయే అనుభూతుల సమూహమే మనిషి అన్నాడు. హ్యూమ్ పేరు వినగానే అందరూ ఈ మాట చెప్పి ఆగిపోతారు. నాకు పనికివచ్చినది దాని తరువాత వచ్చే సంగతి: 1715 జనవరి 1న, 1719 మార్చి 11న, 1733 ఆగస్టు 3న తాను ఏమి ఆలోచించాడో, ఏమి చేశాడో ఎవరు చెప్పగలరని ఆయన అడుగుతాడు. గడిచిన రోజుల్లో అత్యధిక భాగం అందరమూ మరిచిపోయినవాళ్లమే. కాబట్టి జ్ఞాపకం మన ఏకత్వాన్ని పుట్టించడం కంటే, అప్పటికే ఉన్న కార్యకారణ సంబంధాన్ని మనకు చూపిస్తుందని ఆయన అంటాడు. చూపించేది పోయినంత మాత్రాన ఉన్నది పోదు. 1740లో ఆ గ్రంథం మూడవ భాగంతో పాటు చేర్చిన అనుబంధంలో మాత్రం, ఈ విషయంలో తన వివరణ తనకే పొసగడం లేదని, చిక్కుల్లో పడ్డానని హ్యూమ్ రాసుకున్నాడు. పాశ్చాత్య తత్వశాస్త్రంలో నేను చదివిన అత్యంత నిజాయితీ గల పుటలు అవి.

ఇమ్మాన్యుయేల్ కాంట్ 1781లో వెలువరించి 1787లో సవరించిన గ్రంథంలో ఇచ్చిన జవాబును క్లుప్తంగా చెబుతాను. నా ప్రతి తలపుతోనూ ‘నేను తలుస్తున్నాను’ అనేది తోడుగా ఉండగలగాలి, లేకపోతే అవి ఒక అనుభవంగా కూడవు. అంతమాత్రాన ఆ ‘నేను’ ఒక వస్తువని, అది నశించనిదని నిరూపించినట్టు కాదు. ఇది డెకార్ట్‌కు చెప్పిన బలమైన సమాధానం. అయితే నాకు కాంట్ గ్రంథం కంటే ఆయన చివరి రోజులు ఎక్కువ బోధపరిచాయి. కోనిగ్స్‌బర్గ్‌లో ముసలితనాన ఆయనకూ జ్ఞాపకం సన్నగిల్లింది. ఏది మరిచిపోకూడదో చిన్న కాగితాల మీద రాసుకునేవాడు. 1804 ఫిబ్రవరి 12న, 79 ఏళ్ల వయసులో మరణించడానికి కొద్ది రోజుల ముందు వైద్యుడు చూడడానికి వచ్చినప్పుడు, నిలబడే శక్తి లేకపోయినా ఆయన లేచి నిలబడి, అర్థం కాని మాటలేవో గొణుగుతూ, కూర్చోమన్నా కూర్చోలేదు. దగ్గరుండి చూసుకుంటున్న వాసియాన్‌స్కీ అనే మిత్రుడికి సంగతి అర్థమైంది: అతిథి కూర్చోనిదే ఆయన కూర్చోడు. వైద్యుడు కూర్చున్నాక, మానవత్వం పట్ల స్పృహ తనను ఇంకా విడిచిపోలేదని కాంట్ ఎంతో కష్టపడి అన్నట్టు వాసియాన్‌స్కీ రాశాడు.

గుమ్మంలోకి ఎవరు వచ్చినా బాపు ఇప్పటికీ ‘కూసో బిడ్డా, చాయ్ తాగుతవా?’ అంటాడు. వచ్చింది ఎవరో ఆయనకు తెలియదు. జంపఖానా అంచున ఊడిన పోగు చేతికి తగిలితే, చూడకుండానే వేళ్లు దాన్ని పక్క పోగుతో ముడివేస్తాయి. టైపు చేసేవాళ్లకు అక్షరాలు ఎక్కడున్నాయో చేతులకు తెలుసునని, అది మాటల్లో చెప్పగల తెలివి కాదని ఫ్రెంచి తత్వవేత్త మెర్లో-పాంటీ 1945లో రాశాడు. అలవాటు దేహానికి ఉన్న జ్ఞానమని ఆయన భావన. లాక్ దృష్టిలో ఇవేవీ ‘ఎరుక’ కిందికి రావు. కానీ కొత్తవాడలో బాపును ఎరిగినవాళ్లు ఆయనను గుర్తుపట్టేది సరిగ్గా వీటితోనే. నెలనెలా పింఛను ఇచ్చే యంత్రం వేలిముద్రతో గుర్తుపడుతుంది. దేహమే మనిషి అనే వాదం నేటి తత్వవేత్తల్లో కూడా గట్టిగానే ఉంది, ఆ యంత్రానికి అది చాలు. నాకు చాలదు, ఎందుకంటే ఆ వేలిముద్ర అతిథిని కూర్చోమనదు.

లాక్‌కు నేను చూసిన జవాబుల్లో అన్నింటికంటే మేలైనది జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్‌ది. లాక్ గ్రంథాన్ని అధ్యాయం వెంట అధ్యాయంగా పరిశీలిస్తూ ఆయన ఒక పెద్ద సంభాషణ రాశాడు గానీ, 1704లో లాక్ చనిపోవడంతో దాన్ని వెలువరించలేదు. ఆయన కూడా పోయిన ఎన్నో ఏళ్లకు, 1765లో అది అచ్చయింది. జబ్బు చేసి ఎరుక మధ్యలో తెగిపోయి, తానీ స్థితికి ఎలా వచ్చాడో తెలియనివాడికి ఇతరుల సాక్ష్యం ఆ ఖాళీని పూరించగలదని అందులో లైబ్నిజ్ అంటాడు. తన పేరు, చదవడం, రాయడం కూడా మళ్లీ నేర్చుకోవలసినంతగా గతమంతా మరిచిపోయినా, గడిచిన తన జీవితాన్ని ఇతరుల నుంచి తెలుసుకోవచ్చు. తన హక్కులు తనకే ఉంటాయి. తనను ఇద్దరు వ్యక్తులుగా విడదీయనవసరం లేదు. తరువాతి కాలంలో హెగెల్, విలియం జేమ్స్, జార్జ్ హెర్బర్ట్ మీడ్ వంటివాళ్లు, మనిషి తనకు తానుగా తయారు కాడని, ఇతరుల గుర్తింపులో తయారవుతాడని పెద్ద సిద్ధాంతాలు నిర్మించారు. ఆ బీజం లైబ్నిజ్ రాసిన ఈ కొద్ది వాక్యాల్లో ఉందని నేను అనుకుంటాను.

ఇరవయ్యో శతాబ్దంలో డెరెక్ పార్ఫిట్ దీనికి పూర్తిగా ఎదురు దిక్కున నిలబడ్డాడు. ఒకే మనిషా కాదా అన్నది ముఖ్యమే కాదని, మానసిక సంబంధాలు ఎంత మేరకు మిగిలి ఉన్నాయన్నదే ముఖ్యమని 1984లో రాశాడు. ఇలా ఆలోచించాక తన మరణం గురించిన బాధ తగ్గిందని, ఇతరులకు దగ్గరైనట్టు అనిపించిందని చెప్పుకున్నాడు. ఆ మాటను గౌరవిస్తాను. కానీ సంబంధం పలచబడిన కొద్దీ పాత మాటల బాధ్యత కూడా పలచబడవచ్చనే దాకా ఆయన వెళతాడు. అమ్మను చూసుకుంటానని బాపు ఒకనాడు ఇచ్చిన మాట, అది ఆయనకు గుర్తు లేనందువల్ల తేలికైపోయిందని నేను అనలేను. ఇప్పుడు ఆ మాటను ఆయన తరఫున మేము నిలబెడుతున్నాం. ఎవరి మాటో తెలిసే నిలబెడుతున్నాం.

లైబ్నిజ్ సిద్ధాంతంలో ఒక ప్రమాదం ఉంది, అది ఆయనకూ తెలుసు. ఇతరులు కూడబలుక్కొని మోసం చేస్తే తన గురించి తనకు తెలిసేది అబద్ధమవుతుందని ఆయనే రాశాడు. మా ఇంట్లో మోసం లేదు గానీ, అక్క చెప్పే బాపు, నేను చెప్పే బాపు ఒకేలా ఉండరు. నూలు దొరకక మగ్గం ఆగిపోయిన రోజుల్లో ఆయన ఎంత కోపిష్ఠిగా ఉండేవాడో అక్క చూసింది. నేను చూసింది నెమ్మదించిన మనిషిని. ఆయన తన గురించి అడిగినప్పుడు ఆ కోపాన్ని దాచి చెప్పాలా అని మేమిద్దరం చాలాసార్లు మాట్లాడుకున్నాం. చివరికి దాచకూడదనుకున్నాం. మంచి మాత్రమే చెబితే ఆయనకు మేము తిరిగి ఇచ్చేది ఆయన జీవితం కాదు.

అక్క ఆ సంగతి మెల్లగా చెప్పినప్పుడు బాపు ‘గట్ల కొట్టిన్నా నేను? తప్పు చేసిన బిడ్డా’ అన్నాడు. గడిచిన పనులను తనవిగా ఒప్పుకొని, వాటి విషయమై కలత చెంది, వాటికి జవాబుదారీ వహించడమే వ్యక్తి లక్షణమని లాక్ అదే అధ్యాయం చివరలో రాశాడు, అయితే ఆ ఒప్పుకోలు జ్ఞాపకం ఉన్నప్పుడే సాధ్యమని తలచాడు. అక్క మాటను నమ్మి, గుర్తు లేని పనిని బాపు తనదిగా తీసుకున్నాడు. లాక్ కోరిన లక్షణం అక్కడ పూర్తిగా ఉంది, లాక్ పెట్టిన షరతు ఒక్కటే లేదు.