మేపుల్ రసం మరిగించే పొయ్యి: కట్టిన తీరు, మార్చిన తీరు

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఉన్న మా ఇంటి వెనుక షుగర్ మేపుల్ చెట్లున్నాయి. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ తొలి రోజుల వరకు, రాత్రి నీరు గడ్డకట్టి పగలు మంచు కరిగే వాతావరణంలో, మానుకు తొలిచి పెట్టిన గొట్టం నుంచి నీళ్లంత పలుచని రసం కారుతుంది. అందులో చక్కెర దాదాపు 2 శాతమే కనుక ఒక గాలన్ (దాదాపు 3.8 లీటర్లు) సిరప్, అంటే చిక్కని తీపి పాకం, కోసం 40 గాలన్లకు పైగా రసం మరిగించాలి. అంత ఆవిరి ఇంట్లో పడితే గోడలు నానిపోతాయి. అందుకే పొయ్యి ఆరుబయట కట్టాను.

మొదటి పొయ్యి సిమెంటు దిమ్మెలతో పేర్చి, పైన హోటళ్లలో వాడే స్టీలు ట్రేలు మూడు అమర్చినది. దానిలో గంటకు నాలుగు గాలన్ల నీరు ఆవిరైతే గొప్ప. మంటను దగ్గరగా గమనిస్తే కారణం తెలిసింది: అది ట్రేల అడుగును తాకకుండా కింది నుంచే సాగి, నేరుగా పొగగొట్టంలోకి పోతోంది. కాబట్టి పెద్ద పాన్ కొనడం కంటే ముందు మంట దారిని సరిచేయాలని నిశ్చయించుకున్నాను. ఈ పని తలపెట్టే ఎవరికైనా నేను చెప్పేది ఇదే.

దిమ్మెల లోపల ఫైర్ బ్రిక్స్ (మంట వేడిని తట్టుకునే ఇటుకలు) పేర్చి, వాటి వెనుక వేడి బయటికి పోకుండా సిరామిక్ దుప్పటి పరిచాను. కట్టెలు కాలే ఇనుప చువ్వల వెనుక నుంచి పొగగొట్టం వరకు ఇసుక నింపి నేలను ఏటవాలుగా పైకి లేపాను. దీంతో మంటకు మిగిలిన సందు సన్నబడి, పాన్ అడుగును ఒరుసుకుంటూ వెళ్లక తప్పలేదు. చువ్వల కింద నుంచి చిన్న బ్లోయర్‌తో గాలి పంపి, మణికట్టు లావున చీల్చిన ఎండు కట్టెలను ఏడెనిమిది నిమిషాలకొకసారి వేస్తుంటే పాన్ అంతటా రసం తెర్లడం మొదలైంది.

ఆ తరువాతే 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు గల స్టెయిన్‌లెస్ స్టీలు పాన్ చేయించాను. సీసం కలిసిన టంకం, జింకు పూత రేకు ఇందులో ఎంతమాత్రం పనికిరావు. పాన్‌లో నిలువునా అడ్డపలకలు పెట్టించి, ఒక్కో పలకకు ఒక్కో కొసన సందు వదిలించాను. మా అనకాపల్లి వైపు బెల్లం పెనంలో పోసిన రసమంతా ఒకేసారి పాకమవుతుంది. ఇక్కడ పచ్చి రసం ఒక మూల చేరి, వంకలు తిరుగుతూ చిక్కబడి, అవతలి మూల కొళాయి దగ్గరికి వస్తుంది. చల్లని రసం పడితే మరుగు ఆగిపోతుంది కనుక పొగగొట్టానికి ఆనించి ఒక స్టీలు తొట్టి పెట్టాను. రసం అందులో వేడెక్కి సన్నని ధారగా దిగుతుంది. పాన్‌లో లోతు ఒకటిన్నర, రెండు అంగుళాల మధ్య ఉండేలా ఫ్లోట్ వాల్వ్ చూసుకుంటుంది. అంతకు తగ్గితే మాడే ప్రమాదముంది. నురగ పొంగితే ఒక చుక్క వెన్న చాలు. ఇప్పుడు గంటకు పది గాలన్ల వరకు ఆవిరవుతోంది, పొయ్యి మీద తక్కువసేపు ఉండటం వల్ల సిరప్ రంగు కూడా లేతగా వస్తోంది.

చివరి పాకం మాత్రం గ్యాస్ పొయ్యి మీదే పడతాను. నీరు మరిగే వేడి కంటే 7 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎక్కువకు చేరితే సిరప్ అయినట్లే. అయితే గాలి పీడనాన్ని బట్టి నీరు మరిగే వేడి మారుతుంది కనుక, ముందు మంచినీళ్లు మరిగించి ఆ అంకె రాసుకుంటాను. చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్‌తో సరిచూసి, వేడి మీదే ఉన్ని వడపోత గుండా వడకడితే ఇసుకలాంటి ఖనిజపు మడ్డి గుడ్డలోనే నిలిచిపోతుంది.

వచ్చే చలికాలానికి రసంలోని నీటిని పొర గుండా వేరుచేసే చిన్న రివర్స్ ఆస్మోసిస్ యంత్రం అమర్చాలనుకుంటున్నాను. రసాన్ని ముందే 2 శాతం నుంచి 4 శాతానికి చిక్కబరిస్తే, ఆవిరి చేయవలసిన నీరు, దానితోపాటు చీల్చవలసిన కట్టెలు దాదాపు సగానికి తగ్గుతాయి.