ఏడోసారి విత్తనం

కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్లయినా, శాన్ గాబ్రియేల్ కొండల పాదాల దగ్గరున్న నాసా అంతరిక్ష కేంద్రం జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీని రోడ్డు మీంచి చూడటమే తప్ప లోపలికి వెళ్లలేదు. నాన్న అనంతపురం నుంచి వచ్చాకే కదిలాం. సందర్శన ఉచితమే. కాకపోతే చాలా ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి, మాలాంటి విదేశీయులు పాస్‌పోర్టు చూపించాలి. నాన్న తన పాస్‌పోర్టు చొక్కా జేబులో పెట్టుకుని, గేటు దాటేదాకా దాని మీంచి చెయ్యి తీయలేదు.

ప్రదర్శనశాలలో అందరూ ముందుగా వెళ్లేది వాయేజర్ అంతరిక్ష నౌక నమూనా దగ్గరికి. 1977లో రెండు వాయేజర్ నౌకలతో గ్రహాంతరవాసుల కోసం పంపిన బంగారు పూత రికార్డులో 55 భాషల పలకరింపులున్నాయి, వాటిలో తెలుగు కూడా ఉంది. ఆ మాట చెప్పగానే నాన్న రికార్డు నకలు దగ్గరికి వంగి, “నీకంటే ముందే, నీకంటే దూరం వెళ్లిందమ్మా మన భాష” అన్నాడు.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఒక రంగుల బొమ్మ. 1965 జులైలో మారినర్ 4 అనే నౌక అంగారకుడి పక్కగా వెళుతూ ఫొటోలు తీసింది. అవి భూమికి రావడం ఒక్కో చుక్క వెలుగును తెలిపే సంఖ్యలుగా, సెకనుకు ఎనిమిది బిట్ల చొప్పున, అంటే ఒక్కో ఫొటోకు దాదాపు ఎనిమిది గంటలు. కంప్యూటర్ ఆ సంఖ్యలను బొమ్మగా మార్చేదాకా ఇంజనీర్లు ఆగలేకపోయారు. వస్తున్న సంఖ్యలను సన్నని కాగితపు పట్టీల మీద అచ్చువేసి, పక్కపక్కనే గోడకు అంటించి, ఏ సంఖ్యకు ఏ రంగో రాసిపెట్టుకుని, రంగు సుద్దలతో చేత్తో నింపారు. దగ్గరికెళ్లి చూస్తే పసుపు, ఎరుపు, గోధుమ రంగుల కింద ఇప్పటికీ సంఖ్యలు కనబడతాయి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించడం. రోజంతా సంఖ్యల వరుసలే చూస్తాను. వాటి వెనక ఒక గ్రహం అంచు ఉండవచ్చని ఎన్నడూ అనుకోలేదు. ఆ బొమ్మ ముందు నా కళ్లు చెమర్చాయి.

తర్వాత అద్దాల వెనక నుంచి నియంత్రణ గది చూపించారు. అక్కడ ముఖ్యమైన ఘట్టాల్లో వేరుశనగ గింజలు పంచుకునే ఆనవాయితీ ఉందని గైడు చెప్పగానే నాన్న నా వైపు తిరిగాడు. ముప్పై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి మరి! ఆ కథంతా తెలుగులో చెప్పాను. చంద్రుడి కోసం చేపట్టిన రేంజర్ నౌకల్లో మొదటి రెండూ పరీక్ష కోసం పంపినవి, అవి భూమికి దగ్గరి కక్ష్యలోనే చిక్కుకుపోయాయి. మూడోది, అయిదోది చంద్రుణ్ణి తప్పిపోయాయి. నాలుగోది మూగబోయి అవతలి వైపు కూలింది. ఆరోది సరిగ్గానే చేరింది, కెమెరాలే పనిచేయలేదు. 1964 జులైలో ఏడోది వెళుతున్నప్పుడు ఒక ఇంజనీరు గదిలో బిగుసుకుపోయి ఉన్నవాళ్లకు వేరుశనగలు పంచాడు. ఆ నౌక చివరి పదిహేడు నిమిషాల్లో 4,300కు పైగా ఫొటోలు పంపింది.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. “వరుసగా ఆరు పంటలు పోతే ఏడోసారి విత్తనం కొనడానికి అప్పు పుట్టదు. వీళ్లకు పుట్టిందంటే, ఆ ఇచ్చినవాళ్లను కూడా ఈ గోడకెక్కించాలి” అన్నాడు.

ఆ నెలలోనే నా కళ్లు గప్పిన ఒక లోపం వల్ల మా జట్టు పని రెండు వారాలు వెనక్కి పోయింది. ఆ సంగతి నాన్నకు చెప్పనే లేదు. కారెక్కాక చెప్పాను. “మళ్లీ ప్రయత్నం ఎప్పుడు?” అని మాత్రం అడిగాడు. గురువారం రాత్రి అన్నాను.

గురువారం మధ్యాహ్నం వంటింట్లోంచి వేరుశనగలు వేగుతున్న వాసన వచ్చింది. బయల్దేరేటప్పుడు నాన్న ఒక స్టీలు డబ్బా నా చేతికిచ్చాడు. ఇంకా వెచ్చగానే ఉంది.

“అందరికీ పెట్టు” అన్నాడు.